పెద్దల మిషన్, పిల్లల కొలత
పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

విశాఖలోనే కాదు, ఎక్కడైనా ఎక్స్‌రే గదిలోనో స్కానింగ్ గదిలోనో ఉండే పరికరాలు చాలావరకు పెద్దవాళ్ల ఒడ్డూ పొడుగూ చూసి చేసినవే. వాటిని పసివాళ్లకి ఎలా సర్దాలని ఈసారి రేడియోగ్రాఫర్లు, ఇంజనీర్లు, తల్లిదండ్రులు రాశారు. ఎవరికి ఏ పరీక్ష చేయించాలన్నది మీ డాక్టరుగారు చెప్పే మాట. ఇక్కడ పరికరాల సంగతి వరకే చెబుతాం.

ప్రశ్న: గాజువాకలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రేడియోగ్రాఫర్‌ని. పెద్దలకీ పిల్లలకీ మాకు ఒకటే డీఆర్ (డిజిటల్ ఎక్స్‌రే) మిషన్. ఆరేడు నెలల పిల్లల ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో గీతలు అలుక్కుపోయినట్టు వస్తున్నాయి. డోసు తగ్గుతుందని ఎంఏ (ట్యూబులో పారే కరెంటు) తగ్గించి చూశాను, ఇంకా పాడైంది. ఏం మార్చాలండీ?

జవాబు: ఎంఏ మళ్లీ పైకి తీసుకెళ్లండి. డోసుని నిర్ణయించేది ఎంఏఎస్, అంటే ఎంఏని సమయంతో హెచ్చవేస్తే వచ్చేది. 2 ఎంఏఎస్ కావాలంటే 100 ఎంఏ దగ్గర 20 మిల్లీసెకన్లు పడుతుంది, 400 ఎంఏ దగ్గర 5 మిల్లీసెకన్లు చాలు. పాపకి అందే డోసు రెండింటిలోనూ ఒకటే. కానీ ఆ వయసు పిల్లల గుండె నిమిషానికి 120 సార్లకి పైగా కొట్టుకుంటుంది, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టరు. ఎక్స్‌పోజర్ సాగేకొద్దీ కదలిక చిత్రంలోకి వచ్చేస్తుంది. మీ జనరేటర్ ఇవ్వగలిగినంత ఎంఏ పెట్టి, సమయం 10 మిల్లీసెకన్ల లోపుకి తేవాలి. అప్పుడే పుట్టిన పిల్లలకైతే 4 మిల్లీసెకన్ల లోపు ఉంటే మరీ మంచిది.

మొదలుపెట్టడానికి ఆర్నెల్ల పాపకి, పడుకోబెట్టి, 100 సెంటీమీటర్ల దూరంలో, గ్రిడ్ (చెదిరిన కిరణాలని ఆపే జల్లెడ) లేకుండా, 60–65 కేవీ (ట్యూబుకి ఇచ్చే వోల్టేజి), 1 నుంచి 2 ఎంఏఎస్ పెట్టి చూడండి. ఇది మొదటి మెట్టే. ఖాయం చేయాల్సింది మీ డిటెక్టర్ (చిత్రాన్ని పట్టే ప్లేటు) చూపించే అంకెని బట్టి. ఆ సంగతి కిందకి వద్దాం.

గ్రిడ్ ముందు తీసేయండి. 10–12 సెంటీమీటర్ల కన్నా పల్చగా ఉన్న శరీరంలో చెదిరే కిరణాలు తక్కువ. అక్కడ గ్రిడ్ పెడితే అది పనికొచ్చే కిరణాలని కూడా మింగి, మీ చేత ఎంఏఎస్ పెంచిస్తుంది. ఆర్నెల్ల పాప ఛాతీ మందం ఆ లెక్కకి లోపే.

ఏఈసీ (ఎక్స్‌పోజర్‌ని తనంతట తానే ఆపే ఏర్పాటు) ఆపేయండి. అందులో కిరణాన్ని కొలిచే మూడు గదులూ పెద్దవాళ్ల ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో అక్కడ అమర్చినవి. పాప ఆ గదుల్ని పూర్తిగా కప్పదు. కప్పని చోట కిరణం నేరుగా పడేసరికి, సరిపడా వచ్చేసిందనుకుని మిషన్ ముందే కట్ చేస్తుంది. చిత్రం ఇసక చల్లినట్టు వస్తుంది. వెన్నెముక కింద గది పడితే అందుకు వ్యతిరేకంగా, అవసరానికి మించి కాలుస్తుంది. చిన్నపిల్లలకి చేత్తో సెట్ చేసుకోవడమే నయం.

దూరం మార్చినప్పుడు ఎంఏఎస్ మార్చడం చాలామంది మర్చిపోతారు. పెద్దవాళ్ల ఛాతీకి 180 సెంటీమీటర్లు పెట్టి వాడే ఎంఏఎస్‌నే 100 సెంటీమీటర్లకి దించి వాడితే పాపకి మూడు రెట్ల పైన పడుతుంది (1.8ని 1.8తో హెచ్చవేస్తే 3.24).

ఫిల్టర్ విషయం కూడా చూడండి. చాలా కొత్త మిషన్ల కొలిమేటర్లో (కిరణం పడే మేరని హద్దులో పెట్టే భాగం) అదనపు ఫిల్టర్ ఎంచుకునే వీలుంది. పిల్లలకి 1 మి.మీ. అల్యూమినియం, దానితోపాటు 0.1 లేదా 0.2 మి.మీ. రాగి వాడతారు. చర్మం దగ్గరే ఆగిపోయే మెత్తటి కిరణాలని ఇది ముందే వడకడుతుంది. రాగి ట్యూబు వైపు, అల్యూమినియం పాప వైపు ఉండాలి, ఎందుకంటే రాగిలోంచి పుట్టే బలహీనమైన కిరణాలని అల్యూమినియం ఆపాలి. మీది 100 ఎంఏ మొబైల్ యూనిట్ అయితే మాత్రం ఈ ఫిల్టర్ జోలికి పోకండి. ఫిల్టర్ మింగినదాన్ని పూడ్చడానికి సమయం పెంచాల్సి వస్తుంది, మళ్లీ కదలిక దగ్గరికే వస్తారు. బజార్లో రాగి రేకు కొని కొలిమేటర్‌కి టేపుతో అంటించడం అసలే వద్దు. సర్వీస్ ఇంజనీర్ చేత పెట్టించి, తర్వాత క్వాలిటీ పరీక్షలు చేయించండి.

ఇక ఆ అంకె. ఫిల్ము రోజుల్లో ఎక్కువ కాలిస్తే నల్లగా వచ్చి దొరికిపోయేవారు. డీఆర్‌లో సాఫ్ట్‌వేర్ అంతా సర్దేస్తుంది, ఎంత ఎక్కువ వేస్తే చిత్రం అంత నునుపుగా కనిపిస్తుంది. అందుకే ఎవరూ గమనించకుండానే నెలనెలా డోసు పాకుతుంది. ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాత డీవియేషన్ ఇండెక్స్ చూడండి. 0 వస్తే గురి కుదిరినట్టు. +3 అంటే కావాల్సినదానికి రెట్టింపు, −3 అంటే సగం. కానీ దాని వెనకాల ఉండే గురి విలువని పిల్లలకి వేరుగా పెట్టించుకోకపోతే ఈ అంకెకి అర్థం లేదు. చాలాచోట్ల పెద్దల విలువే అలాగే వదిలేసి ఉంటుంది, ముందది సరిచూసుకోండి.

చివరగా, కన్సోల్‌లో క్రాప్ చేయడం కొలిమేషన్ కాదు. కడుపు, చేతులు, గడ్డం అన్నీ కిరణంలో తడిపి, తర్వాత మౌస్‌తో కత్తిరిస్తే చిత్రం ముచ్చటగా ఉంటుంది, పాపకి పడాల్సింది పడిపోయే ఉంటుంది.

ప్రశ్న: ఆటోనగర్‌లో ఆక్రిలిక్, చెక్క పని చేస్తాం. ఒక పిల్లల ఆసుపత్రివారు ఎక్స్‌రేకి పిల్లల్ని కదలకుండా పడుకోబెట్టే బల్ల చేయమన్నారు. ఏ సామాను వాడాలి? రెగ్జిన్ పరుపు వేసి ఇవ్వొచ్చా?

జవాబు: రెగ్జిన్ వద్దు. అది పీవీసీ. అందులోని క్లోరిన్ కిరణాన్ని బాగా ఆపుతుంది, దాని కుట్లు, మడతలు ఛాతీ మీద తెల్ల గీతలై పడతాయి. బల్లకి 6 మి.మీ. పారదర్శకమైన ఆక్రిలిక్ షీట్ సరిపోతుంది. బలంగా ఉంటుందని 10, 12 మి.మీ. వేయకండి. మందం పెరిగేకొద్దీ కిరణాన్ని తినేస్తుంది, ఆ లోటు పాప డోసులోంచే పూడ్చాలి.

రెండేళ్ల లోపు పిల్లలకి 90 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే పనికొస్తుంది. నాలుగు మూలలా 20 మి.మీ. ఎత్తు కాళ్లు పెట్టండి. వైర్‌లెస్ డిటెక్టర్ మందం 15–16 మి.మీ. ఉంటుంది కాబట్టి కిందనుంచి జారి కూర్చుంటుంది, పాపని లేపకుండానే ప్లేటు మార్చుకోవచ్చు. కాళ్లు అంతకన్నా ఎత్తు చేస్తే శరీరానికీ డిటెక్టర్‌కీ ఎడం పెరిగి చిత్రం పెద్దదై అంచులు మసకబారతాయి. షీటు వంగి బరువు డిటెక్టర్ మీద పడకుండా పొడుగు అంచుల కింద సన్నటి ఆక్రిలిక్ పట్టీ అతికించండి. ఈ పట్టీ, కాళ్లు, అతుకులు అన్నీ డిటెక్టర్ బయటే ఉండాలి. మేకు, స్క్రూ, లోహపు మడతబందు ఎక్కడా వద్దు. అంచులన్నీ గుండ్రంగా సానబెట్టండి.

పట్టీలకి 5 సెంటీమీటర్ల వెడల్పు నూలు నాడా, చివర వెల్క్రో. ఛాతీ ఎక్స్‌రేకి ఒక పట్టీ మోకాళ్ల పైన, ఒకటి నడుము కింద, ఇంకొకటి తలకి రెండువైపులా పైకెత్తిన మోచేతుల దగ్గర. ఛాతీ మీదుగా, మెడ మీదుగా ఏ పట్టీ వెళ్లకూడదు. ఊపిరికీ అడ్డం, చిత్రానికీ అడ్డం. తలకి రెండు పక్కలా ఒకే ముక్కలో కోసిన ఫోమ్ దిమ్మెలు పెట్టండి. రెండు ముక్కలు జిగురుతో అతికిస్తే ఆ జిగురు గీత కనిపిస్తుంది. నీళ్లు పీల్చని, గట్టిగా లేని పాలిథిలీన్ ఫోమ్ ఎంచుకోండి. ఈ సముద్రపు గాలిలో మామూలు స్పంజి ఒక వర్షాకాలం లోపే బూజు పడుతుంది.

ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయించండి. ఖాళీ బల్లని డిటెక్టర్ మీద పెట్టి 60 కేవీ, 2 ఎంఏఎస్ దగ్గర తీసి, కాంట్రాస్ట్ బాగా పెంచి చూడమనండి. పాప మీద ఏదైనా వింత గీత వస్తే అది బల్లదో కాదో తేల్చుకోవడానికి ఆ చిత్రం దాచుకోవాలి. చర్మపు మడతో, ప్లాస్టిక్ అంచో ఊపిరితిత్తి పక్కన సన్నటి గీతలా పడితే గాలి లీకైందేమోనని కంగారు పడ్డ సందర్భాలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే.

ఆసుపత్రివారికి రెండు మాటలు చెప్పి ఇవ్వండి. ఆక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడవకూడదు, సాలెగూడులా పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లో, ఆల్కహాల్ లేని క్రిమిసంహారకమో వాడాలి. ఇక రెండోది, పాపని బల్ల మీదకి ఎక్కించేముందు మొలతాడు, తాయెత్తు, దిష్టిపూసలు, మువ్వల కడియాలు తీయించాలి. కటి భాగమో పొట్టో తీసేటప్పుడు తడిసిన డైపర్ కూడా మార్చాలి, ఉబ్బిన జెల్ మేఘంలా కనిపిస్తుంది.

ఎంత బల్ల ఉన్నా కొందరిని పట్టుకోక తప్పదు. పట్టుకునేది పాప తరఫు పెద్దవాళ్లు కావాలి, గర్భిణి కాకూడదు, కనీసం 0.25 మి.మీ. సీసానికి సమానమైన ఏప్రాన్ వేసుకోవాలి, చేతులు కిరణం దారిలో ఉండకూడదు. రోజూ ఆ గదిలో పనిచేసే సిబ్బంది చేత పట్టించడం తప్పు.

ప్రశ్న: మహారాణిపేటలో స్టాఫ్ నర్సుని. ఇదివరకు పిల్లలకి మర్మాంగాల మీద సీసపు ముక్క కప్పేవాళ్లం. ఇప్పుడు వద్దంటున్నారు. ఎందుకు?

జవాబు: అమెరికా వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘం (ఏఏపీఎం) 2019లో, అక్కడి రేడియేషన్ రక్షణ మండలి 2021లో ఈ అలవాటు మానుకోవచ్చని చెప్పాయి. లోపల చెదిరే కిరణాలని పైన కప్పిన సీసం ఆపలేదు. ఆడపిల్లల్లో అండాశయం సరిగ్గా ఎక్కడుందో పైనుంచి తెలియదు. ముక్క కాస్త జరిగితే చూడాల్సిన ఎముక కప్పుకుపోయి రెండోసారి తీయాలి. ఏఈసీ ఆన్‌లో ఉంటే సీసాన్ని చూసి మిషన్ ఇంకా కాలుస్తుంది. తల్లి కప్పమని గట్టిగా అడిగితే, చిత్రానికి అడ్డం రానంతవరకు, ఆవిడ మనసు నిబ్బరం కోసం కప్పినా నష్టం లేదు. పట్టుకునేవాళ్ల ఏప్రాన్ మాత్రం ఎప్పటిలాగే తప్పనిసరి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి. మా మూడేళ్ల బాబు మెట్ల మీంచి పడితే తలకి సీటీ రాశారు. సెంటర్లో "పిల్లల సెట్టింగు ఉందండీ" అంటారు. నిజంగా ఉందో లేదో మాకెలా తెలుస్తుంది?

జవాబు: నాలుగు మాటలు అడగండి. బాబు వయసో బరువో చూసి ప్రోటోకాల్ ఎంచుకున్నారా? తల వరకే తీస్తున్నారా, మెడా ఛాతీ కూడా కలుపుతున్నారా? ఒకే విడత తీస్తున్నారా, మందు లేకుండా ఒకసారి, మందు ఎక్కించి ఒకసారి అంటున్నారా? (పడ్డ దెబ్బకి మొదట మందు లేని ఒక్క విడతే చాలు.) రిపోర్టులో డోసు పేజీ ఇస్తారా? తడుముకోకుండా జవాబు వస్తే నిశ్చింతగా చేయించండి. తల స్కాన్ కొన్ని సెకన్ల పనే. దుప్పటి చుట్టి, తలకి పక్కల మెత్త పెట్టి, మీరు ఏప్రాన్‌తో పక్కన నిలబడి మాట్లాడుతుంటే మూడేళ్లవాడికి మత్తు అక్కర్లేకుండానే చాలాసార్లు అయిపోతుంది. దెబ్బ తీవ్రత చూసి డాక్టరుగారు కావాలన్నప్పుడు రేడియేషన్ భయంతో ఆపడం మాత్రం వద్దు.

ప్రశ్న: పెందుర్తి దగ్గర ఆసుపత్రిలో బయోమెడికల్ ఇంజనీర్‌ని. ఐదేళ్ల పాప పొట్ట సీటీకి కన్సోల్‌లో సీటీడీఐ (మిషన్ చెప్పే డోసు అంకె) 4 మిల్లీగ్రే చూపించింది. పెద్దవాళ్లకన్నా తక్కువేగా అని సంతోషించాం. భౌతికశాస్త్రజ్ఞుడు వచ్చి "అది 4 కాదు" అన్నారు. ఎందుకు?

జవాబు: ఆ అంకె పాపది కాదు, ప్లాస్టిక్ దిమ్మెది. సీటీడీఐని 32 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న దిమ్మెతోనో, 16 సెంటీమీటర్ల దిమ్మెతోనో కొలిచి చెబుతారు. పొట్ట ప్రోటోకాల్‌కి చాలా మిషన్లు 32నే తీసుకుంటాయి. సన్నటి శరీరంలో అదే కిరణం నడిమి దాకా తక్కువ అడ్డంకితో చేరుతుంది కాబట్టి పాపకి అందేది ఎక్కువ.

లెక్క సులువే. స్కాన్ చిత్రంలో పాప పొట్ట ముందు వెనకల మందం, అడ్డం వెడల్పు కొలవండి. ఉదాహరణకి 14, 18 సెంటీమీటర్లు అనుకుందాం. రెండూ హెచ్చవేస్తే 252, దాని వర్గమూలం సుమారు 16. ఇది పాప సగటు వ్యాసం. ఏఏపీఎం 2011లో ఇచ్చిన 204వ నివేదిక పట్టికలో 32 సెంటీమీటర్ల దిమ్మెకి, 16 సెంటీమీటర్ల వ్యాసం ఎదురుగా 2.06 ఉంటుంది. 4ని దానితో హెచ్చవేస్తే 8.2 మిల్లీగ్రే. వ్యాసం 20 అయితే గుణకం 1.78, 12 అయితే 2.38. డోసు పేజీలో ఏ దిమ్మె అని రాసి ఉంటుంది, ముందది చదవండి. రెండు ఆసుపత్రుల అంకెలు పోల్చి ఒకరిని మెచ్చుకునేముందు కూడా.

సీటీలో అంతకన్నా ఎక్కువగా చెడగొట్టేది ఎత్తు. చిన్నపిల్లల్ని పెద్దల టేబుల్ ఎత్తులోనే వదిలేస్తే శరీరం గాంట్రీ (సీటీ మిషన్ గుండ్రటి చట్రం) నడిమికి దిగువన పడుతుంది. ట్యూబు ముందుండే బోటై ఫిల్టర్ నడుమ పల్చగా, అంచుల దగ్గర మందంగా ఉంటుంది. నడిమి తప్పితే ఒక పక్క ఎక్కువ పడి, ఇంకో పక్క చిత్రం ఇసకగా వస్తుంది. పైగా కరెంటుని తనంతట తాను సర్దుకునే ఏర్పాటు స్కౌట్ చిత్రాన్ని (స్కాన్‌కి ముందు తీసే చిత్రం) చూసి లెక్క వేస్తుంది. ట్యూబు కింద ఉండి తీసిన స్కౌట్‌లో, దిగువన ఉన్న పాప ట్యూబుకి దగ్గరై అసలు కన్నా లావుగా కనబడుతుంది, మిషన్ ఎంఏ పెంచుతుంది. ట్యూబు పైనుంటే సన్నగా కనబడి తగ్గిస్తుంది. అందుకని పక్క లేజర్ గీత పొట్టకీ ఛాతీకీ చంక నడిమిలో, తలకి చెవి మట్టంలో పడేదాకా టేబుల్ ఎత్తండి. ఎత్తు చాలకపోతే పాప కింద పొడుగునా ఒకే మందం ఫోమ్ వేయండి. స్కౌట్ తీశాక పాపని జరిపితే స్కౌట్ మళ్లీ తీయాల్సిందే.

పొట్ట, ఛాతీలకి 80 లేదా 100 కేవీ చాలు. మందు ఎక్కించిన స్కాన్‌లో అయోడిన్ తక్కువ కేవీలోనే బాగా మెరుస్తుంది కూడా.

ప్రశ్న: మధురవాడలో పిల్లల క్లినిక్ పెట్టుకున్నాను. అల్ట్రాసౌండ్ కొంటున్నాను. కంపెనీవాళ్లు మామూలు కాన్వెక్స్ (వంపు ముఖం) ప్రోబ్ అన్నిటికీ సరిపోతుందంటున్నారు.

జవాబు: అమ్ముకోవడానికి అంటారు. పొట్ట చూడటానికే కాన్వెక్స్ పనికొస్తుంది, అది కూడా కొంచెం పెద్ద పిల్లల్లో. మీ డబ్బు ముందు ఒక మంచి లీనియర్ (చదును ముఖం) ప్రోబ్ మీద, తర్వాత మైక్రోకాన్వెక్స్ (చిన్న వంపు ముఖం) మీద పెట్టండి.

పసివాళ్ల తల చూడటానికి మాడు మీదుగా వెళ్లాలి. పెద్ద ప్రోబ్ ముఖం ఆ చోట కూర్చోదు. 5–8 మెగాహెర్ట్జ్ మైక్రోకాన్వెక్స్ కూర్చుంటుంది. తుంటికి లీనియర్ తప్పనిసరి, 7.5 మెగాహెర్ట్జ్ లేదా అంతకు పైన. వంపు ప్రోబ్‌తో తీస్తే గీతలు వంగి, తుంటి కీలు కొలిచే గ్రాఫ్ (Graf) పద్ధతి కోణాలు తప్పుతాయి. ఆల్ఫా కోణం 60 డిగ్రీలు, ఆపైన ఉంటే మామూలని చెప్పే పద్ధతిలో నాలుగైదు డిగ్రీల తేడా అంటే ఒక బిడ్డకి పట్టీలు కట్టడమా మానడమా అన్నంత సంగతి. పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి తొట్టి ఆకారంలో రెండు ఫోమ్ దిమ్మెలు ఎదురెదురుగా పెడితే చాలు, తల్లి భుజం మీద చెయ్యి వేసి ఉంచాలి. నాలుగు నుంచి ఆరు వారాల వయసు మంచి సమయం. తుంటి గుండులో ఎముక గట్టిపడ్డాక లోపల కనబడదు.

జెల్ గోరువెచ్చగా ఉండాలి, చల్లటిది పడగానే ఏడుపు మొదలై మీ స్కాన్ పోతుంది. నెలలు నిండని పిల్లలకి సింగిల్ యూజ్ స్టెరైల్ జెల్ వాడండి. ఇంకొకటి, పిల్లల్ని మాత్రమే చూస్తానన్నా 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భస్థ లింగ నిర్ధారణని నిషేధించేది) కింద రిజిస్ట్రేషన్ లేనిదే మిషన్ అమ్మకూడదు, కొనకూడదు. ముందు ఆ కాగితం చూసుకోండి.

ప్రశ్న: పాడేరు దగ్గర ఊరు మాది. మా గుంటడికి రెండో నెల. తలకి ఎమ్మారై రాసి విశాఖ పంపుతున్నారు. మత్తిస్తారంట, పాలు పట్టకూడదంట. అంత దూరం బస్సులో పాలు లేకుండా ఎలా తీసుకెళ్లడమండీ?

జవాబు: ముందు ఒక మాట అడగండి: "మత్తు లేకుండా పాలు పట్టి, చుట్టి తీయగలరా?" మూడు నెలల లోపు పిల్లలకి ఈ పద్ధతి చాలాచోట్ల చేస్తారు. బాబు పరిస్థితి బట్టి డాక్టరుగారు సరేనంటే ఇలా జరుగుతుంది. స్కాన్ సమయానికి ముందు మూడు, నాలుగు గంటలు పాలు ఆపి, బాగా ఆకలి వేయనిస్తారు. స్కాన్‌కి అరగంట, ముప్పావుగంట ముందు కడుపునిండా పట్టి, తేన్పు తెప్పించి, చెవుల్లో మెత్తటి ప్లగ్గులు పెట్టి, పైన పసివాళ్ల చెవి డిప్పలు అంటిస్తారు. నూలుగుడ్డలో బిగువుగా చుట్టి, గాలి తీస్తే గట్టిపడే పరుపు ఉంటే అందులో పెడతారు. వేలికో పాదానికో ఎమ్మారైకి పనికొచ్చే ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. నిద్ర పట్టాకే లోపలికి తోస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన చిత్రం మొదట తీయాలి, మధ్యలో లేస్తే అదైనా చేతిలో ఉంటుంది.

గుడ్డ సంగతి మీ చేతిలోది. పాత నూలు పంచె, చీర బాగుంటాయి, జరీ అంచు ఉంటే వద్దు. జరీలో లోహపు పోగు ఉంటుంది, వేడెక్కి కాలుతుంది. ప్రెస్ బటన్ల చొక్కా, మొలతాడు, తాయెత్తు, కాటుక ఏవీ ఉండకూడదు. కొన్ని కాటుకల్లో ఉండే ఇనుప రంగు కళ్ల దగ్గర చిత్రాన్ని పాడుచేస్తుంది.

మత్తే కావాలంటే మామూలు లెక్క ఇది: తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు, ఆవుపాలు 6 గంటల ముందు ఆపాలి, నీళ్లలాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. మత్తు డాక్టరు మీకు చెప్పిన గంటే ఖాయం. ఘాట్ రోడ్డు మీద మూడు గంటల పైన ప్రయాణం కాబట్టి ముందురోజు రాత్రికే వచ్చి, ఉదయం మొదటి టైము అడగండి. "పొద్దున్నే రండి" అంటే ఊరుకోవద్దు, గంట చెప్పించుకోండి. దానికి వెనక్కి లెక్కేసి ఆఖరు పాలు పట్టండి. భయంతో అర్ధరాత్రి నుంచే పాలు ఆపేసేవాళ్లున్నారు. రెండు నెలల బిడ్డ అంతసేపు ఆకలితో ఉంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది.

ప్రశ్న: ఎమ్మారై టెక్నాలజిస్ట్‌ని. పిల్లల కాయిల్ (శరీరం నుంచి వచ్చే సిగ్నల్‌ని పట్టే చట్రం) కొనడానికి డబ్బు లేదంటున్నారు. నెలల బిడ్డ తలకి మోకాలి కాయిల్ వాడొచ్చా?

జవాబు: తల అందులో సులువుగా పడితే, తయారీదారు పత్రంలో వద్దని లేకపోతే వాడొచ్చు. చాలామంది వాడతారు. ఎందుకు లాభమో లెక్కలో చూడండి. పెద్దవాళ్ల తలకి 22 సెంటీమీటర్ల ఎఫ్‌ఓవీ (చిత్రంలో పట్టే మేర), 5 మి.మీ. స్లైసు అనుకుంటే, పసివాడికి 16 సెంటీమీటర్లు, 3 మి.మీ. కావాలి. మ్యాట్రిక్స్ (చిత్రంలో చుక్కల సంఖ్య) మార్చకపోతే ఒక్కో చుక్క పరిమాణం మూడో వంతుకి పడిపోతుంది, సిగ్నల్ కూడా అంతే. పెద్ద తల కాయిల్‌లో చిన్న తల పెడితే చుట్టూ ఖాళీ, సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. చర్మానికి దగ్గరగా వచ్చే కాయిల్ ఆ నష్టాన్ని చాలావరకు తిరిగి ఇస్తుంది. ఏడాది లోపు బిడ్డ ఛాతీ, పొట్టలకి పెద్దల తల కాయిల్, లేదా మెత్తగా చుట్టే ఫ్లెక్స్ కాయిల్ పనికొస్తాయి.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడ. మోకాలి కాయిల్ కొన్నిట్లో రేడియో తరంగాలు పంపే పని కూడా అదే చేస్తుంది, అలాంటిదైతే తలకి అనుమతి ఉందో లేదో ముందు చూడాలి. వాడని కాయిల్‌ని సొరంగంలో వదిలేయకూడదు, ప్లగ్ తీసి ఉన్నా సరే, వేడెక్కుతుంది. బరువు సరిగ్గా టైప్ చేయాలి. 4 కిలోల బిడ్డకి పాత రోగి 60 కిలోలు అలాగే ఉండిపోతే, కిలోకి 2 వాట్ల హద్దుని మిషన్ ఆ 60 కిలోలకే లెక్కేస్తుంది. తీగలు ఉంగరంలా చుట్టుకోకూడదు, చేయి తొడకి తగిలే చోట గుడ్డ పెట్టాలి. ఎక్స్‌రే గదిలోంచి కార్బన్ ఫైబర్ బల్ల ఎత్తుకొచ్చి ఇక్కడ వేయొద్దు. ఎక్స్‌రేకి అంత మంచిది లేదు, కానీ అది విద్యుత్తుని మోస్తుంది, ఎమ్మారైలో వేడెక్కుతుంది.

సీక్వెన్సులు కూడా మార్చాలి. నవజాత శిశువు మెదడులో నీరెక్కువ. టీ2 చిత్రానికి పెద్దల టీఈ (సిగ్నల్ పట్టేదాకా ఆగే సమయం) 90–100 మిల్లీసెకన్లు ఉంచితే తెలుపు, బూడిద భాగాలు కలిసిపోతాయి. 1.5 టెస్లా దగ్గర 140 చుట్టుపక్కలకి, టీఆర్ (ఒక పల్సుకీ మరో పల్సుకీ మధ్య ఎడం) 6000కి పైకి తీసుకెళ్లి చూడండి. మొదటి నెలల్లో ఫ్లెయిర్ (నీటి సిగ్నల్‌ని అణిచే సీక్వెన్సు) మీద ఎక్కువ సమయం తగలేయకండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ విద్యార్థులం. ఎమ్మారై గదికి బొమ్మలు అంటిస్తే పిల్లలు భయపడరని విన్నాం. ప్రాజెక్టుగా చేద్దామనుకుంటున్నాం.

జవాబు: జీఈ కంపెనీలో డిజైనర్ డగ్ డీట్జ్ స్కానర్లని ఓడలుగా, అడవి విడుదులుగా మార్చి పేరు తెచ్చుకున్నారు. మీరు ఓడ దాకా వెళ్లక్కర్లేదు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూడని పిల్లలు విశాఖలో తక్కువ. ఇరుకు గొట్టం, లోపల పడక, చుట్టూ మోత అన్నీ దానికి సరిపోతాయి.

బొమ్మల కన్నా ఎక్కువ పనిచేసేది నకిలీ సొరంగం. 60 సెంటీమీటర్ల వ్యాసం (అసలు మిషన్లు 60 లేదా 70 ఉంటాయి), మీటరున్నర పొడుగు, ప్లైవుడ్ చట్రానికి అట్టముక్క వంచి చేయండి. లోపలికి జారే బల్ల, తల దగ్గర అద్దం, చిన్న స్పీకరు. మోతని మొదట తక్కువగా వినిపించి క్రమంగా పెంచాలి. ఐదేళ్లు దాటిన పిల్లల్లో ఇది బాగా పనిచేస్తుంది, మూడేళ్ల లోపువాళ్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. అసలు మిషన్ మీద అంటించేటప్పుడు హెచ్చరిక గుర్తులు, లేజర్ కిటికీ, గాలి రంధ్రాలు, ఎమర్జెన్సీ బటన్ కప్పకూడదు. సాదా వినైల్ వాడండి. వెండి మెరుపు స్టిక్కర్లలో లోహపు పొర ఉంటుంది. సొరంగం లోపలి గోడకి మాత్రం ఏదీ అంటించొద్దు. అక్కడ పాప చెయ్యి తగులుతుంది, క్రిమిసంహారకంతో రోజూ తుడవాలి, ఆ తడికి అంచు లేచిన స్టిక్కర్ కింద మురికి చేరుతుంది.